డొంకల వెంట సర్కారు తుమ్మ

రాయలసీమ చిట్టడవుల్లో, పల్నాడు డొంకల్లో, తెలంగాణ చెరువుకట్టల మీద విరగబెరిగిన సర్కారు తుమ్మ ఈ నేల చెట్టు కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు దాని పుట్టినిళ్లు. పేరుకు తుమ్మే అయినా, నల్లతుమ్మ కన్నా దసరానాడు పూజించే జమ్మికే అది దగ్గరి చుట్టం. సర్కారు కంప అనీ, చిల్లచెట్టు అనీ కూడా అంటారు.

మద్రాసు–రాయచూరు రైలుమార్గం 1871 నాటికి పూర్తయింది. రైలింజన్లలో అప్పుడు కట్టెలు కాల్చేవారు. ఊళ్ల పొయ్యిలతో పాటు ఆ పొయ్యి కూడా అడవినే అడిగింది. 1876లో మద్రాసు అటవీ అధికారి, వృక్షశాస్త్రజ్ఞుడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్, మెట్టనేలల్లో నాటడానికి సర్కారు తుమ్మ విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు లేఖ రాశాడు. ధాత కరువుగా పేరుపడ్డ మహాక్షామం మొదలైంది కూడా ఆ ఏడే. మరుసటి ఏడాది జమైకా విత్తనాలు భారతదేశానికి చేరాయి. వాటితో పెంచిన తొలి తోటల్లో కడప జిల్లా కమలాపురం తోట ఒకటి. వంటచెరకు కొరత నిజమైనదే. ఈ చెట్టు తోట గట్టు దాటి ఎంత దూరం పోగలదో మాత్రం ఎవరూ లెక్కవేయలేదు.

చెట్టుకు కాళ్లిచ్చింది మేకలూ పశువులే. చేదెక్కిన ఆకును అవి ముట్టవు. పండి పసుపెక్కిన తియ్యటి కాయలను మాత్రం ఏరుకుని తింటాయి. గట్టి గింజ కడుపులో అరగకపోగా, పైపెంకు మెత్తబడి పెంటికలతో, పేడతో బయటపడుతుంది. మంద నడిచే బాటే దానికి నారుమడి. అందుకే అడవి నడుమ కన్నా కాలిబాటల అంచునే ముందు మొలిచింది. వానకు కొట్టుకుపోయిన కాయలు వంకల ఒడ్లను పట్టాయి. ముళ్లు బాటను మూసేస్తే కాపరి పక్కనే మరో దారి చేసుకుంటాడు, మంద వెంట గింజలూ అక్కడికి చేరతాయి. దట్టమైన నీడలో గడ్డి పలచబడింది. రేగు, బలుసు, పరికి పొదలు వెనక్కి తగ్గాయి.

ఇతర ప్రాంతాల్లోనూ దీన్ని కోరే నాటారు. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించింది. కచ్ఛ్‌లోని బన్నీ పచ్చికబయళ్లలో 1961 నుంచి అటవీశాఖ నాటింది. అక్కడివారు ఇప్పుడు దీన్ని ‘గాండో బావళ్’, అంటే పిచ్చితుమ్మ, అంటారు.

ఎన్నో పేద కుటుంబాలకు ఈ కంపే పొయ్యిలో కట్టె, చేనికి కంచె, బట్టీలో బొగ్గు. అయితే పైపైన నరికితే మోడు నుంచి ఒక్క కొమ్మకు నాలుగు కొమ్మలు లేస్తాయి. మొదలంటా తవ్వి తీసినా మట్టిలోని గింజలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అలా తీసిన చోట కూడా ఏటా తొలకరి తర్వాత మొలకలను పీకుతూ ఉండాలి.