మేక ధర పడిపోయిన రోజు

2022 అక్టోబరు. దక్షిణ సోమాలియాలోని బైదోవా పశువుల సంత. పొద్దెక్కకముందే ఎండ చురుక్కుమంటోంది. మీ కాళ్లకు అడ్డంగా మేకలు. డొక్కలు లోపలికి పోయాయి, వెన్నుపూస లెక్కపెట్టేలా ఉంది. వరసగా నాలుగు వానకాలాలు ఎండిపోయాయి. ఇప్పుడు పడాల్సిన ‘దైర్’ వానల జాడా లేదు.

మీ పక్కనే ఒక పశువుల కాపరి, దళారి చేతులు కలిపారు. పైన గుడ్డ కప్పారు. మన సంతల్లో తువ్వాలు కింద సాగే వేళ్ల బేరమే ఇక్కడా. అంకె పైకి వినపడదు. దళారి మరికాస్త తగ్గించాడని కాపరి మొహమే చెబుతోంది. అయినా చెయ్యి వెనక్కి తీసుకోడు. తీసుకుంటే మేకను ఇంకో వారం బతికించుకోవాలి. మేపడానికి గడ్డి లేదు, తాగించడానికి నీళ్లు కొనాలి. బేరం తెగింది. డబ్బు మొబైల్ చెల్లింపు సేవ ఈవీసీ ప్లస్‌లో అతని ఫోన్‌కి వచ్చేసింది.

అక్కడి నుంచి అతను నేరుగా జొన్నల బస్తాల దగ్గరికి నడిచాడు. ఇది జొన్న పండే నేల. పంట పోయిన ఏడు జొన్నల ధర పైకి, మేక ధర కిందికి. ఒక మేకకు ఎన్ని కిలోలు వస్తాయన్నదే ఇంటి బతుకు లెక్క.

సోమాలియా సంతల్లో ఇలాంటి ధరలను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో నడిపే ఎఫ్‌ఎస్‌ఎన్‌ఏయూ ఆహార భద్రత, పోషణ విశ్లేషణ విభాగం ఏళ్లుగా సేకరిస్తూ వచ్చింది. ఇప్పుడు ఆ అంకెల వెంట వెళ్లండి. కంప్యూటర్ తెర మీద పెద్ద పట్టిక. ఒక వరసలో వానలు, ఒక వరసలో జుబ్బా, షబెల్లే నదుల నీటిమట్టం, ఇంకో వరసలో దాడులు, కాల్పులు. వాటి పక్కన ఊళ్లు వదిలినవాళ్ల సంఖ్య. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2017లో మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ జెట్సన్’ ఇలాంటి వరసలన్నీ కలిపి, దేశంలోని 18 ప్రాంతాల నుంచి వచ్చే నెల ఎందరు కదులుతారో అంచనా కట్టే ప్రయత్నం చేసింది.

ఆ వరసల్లో మేక ధర కూడా ఉంది. దాన్ని అక్కడికి చేర్చింది శరణార్థుల మాటే. బయల్దేరే ముందు ఏం చేశారని అడిగితే, మేకలు అమ్మేశామన్నారు. ఒంటె ఎంత దూరమైనా నడుస్తుంది, మేక ఆ ఎండకు దారిలోనే పడిపోతుంది. అందుకే ముందు అమ్ముతారు. ఊరంతా ఒకేసారి అమ్మకానికి తెస్తే ధర కూలుతుంది. కాళ్లు కదలకముందే సంతకు కబురు అందిపోతుందన్నమాట.

అయితే ఆ పట్టికలో కనపడనివాళ్లూ ఉన్నారు. బైదోవా శివార్లకు రండి. పుల్లలు వంచి, పాత గుడ్డలు చుట్టిన గుడిసెలు కంటికి ఆనినంత మేర. ఊళ్లు వదిలి ఇక్కడికి చేరినవాళ్లలో అందరికీ మేకలు లేవు. ఒకరి పొలంలో కూలి చేసి బతికిన కుటుంబం సంతలో ఏం అమ్ముతుంది? ఆ ఇల్లు ఖాళీ అయినా మేక ధర ఉలకదు. సాయుధ తీవ్రవాద సంస్థ అల్ షబాబ్ చేతిలో ఉన్న పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకోవడం ఇంకా కష్టం. కరువూ తుపాకీ కలిసి తరిమినప్పుడు దేని వాటా ఎంతో విడదీయడం కంప్యూటర్‌కీ తేలిక కాదు.

హెచ్చరికలకైతే లోటు లేదు. బైదోవా, బూర్‌హకబా జిల్లాల్లో క్షామం ముంచుకొస్తోందని నిపుణులు 2022 సెప్టెంబరులోనే చెప్పారు. 2011 క్షామంలో దాదాపు 2,60,000 మంది చనిపోయారు, వాళ్లలో సగం మంది ఐదేళ్లలోపు పిల్లలు. అప్పుడూ ముందుగా చెప్పినవాళ్లున్నారు, సాయమే ఆలస్యంగా వచ్చింది.

అందుకే ఈ అంచనాల విలువను తేల్చేది అవి ఎంత సరిగ్గా వచ్చాయన్నది కాదు, ఎంత త్వరగా చెల్లింపుగా మారాయన్నది. సాయం సంస్థలు ఇక్కడ ఫోన్‌లోకే నగదు పంపగలవు. దళారి డబ్బు చేరిన ఫోన్‌కే ఆ సొమ్ము ఒక నెల ముందు చేరితే కాపరి ఇంకొన్నాళ్లు మంద నిలుపుకుంటాడు. వెళ్లాలా, ఉండాలా అన్నది అప్పుడు అతను తీసుకునే నిర్ణయం అవుతుంది.