హ్రస్వదృష్టికి ఆకువైద్యం

నల్లబల్లమీది అక్షరం కనబడటం లేదని బడిపిల్లవాడు చెబితే, శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో పెద్దలు ముందుగా చెరువుగట్టున పొన్నగంటికూర వెదికేవారు. "పోయిన కంటి కూర" అన్నదే ఆ పేరుకు మూలమని చెప్పేవారు. దానికి తోడు మునగాకు, ఆవునేతి కాటుక, రాత్రివేళ కన్నులపై నందివర్ధనం పూలు, త్రిఫల కషాయంతో కడగటం. ఈ నమ్మకం నేటికీ పూర్తిగా పోలేదు. దీని పూర్వాపరాలేమిటి?

సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రం నేత్రరోగాలతోనే ఆరంభమవుతుంది. అందులో 76 వ్యాధులు చెప్పబడినవి. వాటిలో తిమిరం ఒకటి. అది కంటి రెండవ పొరకు చేరినప్పుడు దూరపు వస్తువు దగ్గరగా, దగ్గరి వస్తువు దూరంగా తోస్తుందనీ, ఎంత యత్నించినా సూదిబెజ్జం కానరాదనీ గ్రంథం చెబుతున్నది. సూదిబెజ్జం కనబడకపోవటం నడివయస్సులో వచ్చే చత్వారానికి గుర్తు. హ్రస్వదృష్టిగల బాలునికి దగ్గరిది బాగానే కనబడుతుంది, దూరానిదే మసకబారుతుంది. కనుక నేడు మనం వేరువేరుగా గుర్తించే దోషాలెన్నో తిమిరమనే ఒక్క మాటలో ఇమిడి ఉన్నవన్నమాట. తిమిరానికి చెప్పిన త్రిఫలను తరువాతివారు హ్రస్వదృష్టికీ వాడసాగారు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మన మన్యపు అడవులలో దొరికేవే కాబట్టి మందుకు కొరత లేదు.

ఆకుకూరల కీర్తికి వేరొక కారణం ఉన్నది. అది రేచీకటి. చీకటిపడగానే చూపు తగ్గే ఈ వ్యాధికి సుశ్రుతుడు మేక కాలేయాన్ని పిప్పళ్లతో ఇమ్మన్నాడు. కాలేయంలో ఏ విటమిను సమృద్ధిగా ఉన్నది. ఆకుకూరలలోని కెరోటిను శరీరంలో ఆ విటమినుగానే మారుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు ఆధారంగా 1970లో మన దేశంలో పిల్లలకు ఏ విటమిను మోతాదులివ్వటం ఆరంభమయింది. కాబట్టి మన మామ్మల మాట అబద్ధం కాదు. ఆకుకూర తిని చూపు తెచ్చుకున్నవారు రేచీకటి పిల్లలై ఉంటారు. ఆ పేరు హ్రస్వదృష్టికి అంటుకున్నది.

హ్రస్వదృష్టిలో సాధారణంగా కంటిగుడ్డు పొడవు పెరుగుతుంది. దూరపు వస్తువుల బింబం కంటి లోపలి తెరకు ఇవతలనే ఏర్పడుతుంది. ఆ పెరుగుదలను ఏ ఆకైనా ఆపినట్లు గట్టి నిదర్శనం లేదు. పిల్లలను పరీక్షించి 2002లో ప్రకటించిన లెక్కల ప్రకారం, ఈ దోషం మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలలో నూటికి 4.1, ఢిల్లీ నగరంలో 7.4. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలను రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు నూటికి 39.5కు బదులు 30.4 మందే అయినారని 2015లో వెల్లడించారు. పగటి వెలుగుకు అంత విలువ ఉన్నది.

మూలికల కథ ఇంతటితో ముగియదు. మన దిబ్బలపై పెరిగే ఉమ్మెత్తలో ఉన్న ఆట్రోపిన్ అనే పదార్థాన్ని నూటికి 0.01 మొదలు 0.05 పాళ్లలో చుక్కలుగా వేసి, సింగపూర్, హాంకాంగ్ వైద్యులు పిల్లలలో హ్రస్వదృష్టి పెరుగుదలను నెమ్మదింపజేయటానికి ప్రయత్నించారు. 0.05 పాలు ఎక్కువ ఫలమిచ్చింది. అయితే ఇది నేత్రవైద్యుని పర్యవేక్షణలో, కొలతతో వాడవలసిన మందు. ఉమ్మెత్త రసాన్ని కంట పిండటం విషప్రయోగమే.

చిన్ననాడు నాకూ ఒక ఏడాదిపాటు పొన్నగంటికూరే మందు. నల్లబల్లమీది 3ను 8 అనుకుని లెక్క తప్పుచేసి దెబ్బలు తిన్నాను. తప్పు లెక్కలో లేదు, చూపులో ఉన్నది. అద్దాలు వచ్చిన తరువాత గాని ఆ సంగతి ఇంట్లోవారికి తెలియలేదు. పొన్నగంటికూర కంచంలో ఉండవలసినదే; కాని ఆ కూర పనిచేస్తుందేమోనని ఎదురుచూస్తూ కంటిపరీక్షను వాయిదా వేస్తే, పోయిన చదువు తిరిగిరాదు.