పాక్ పాలకులు, అమెరికా స్నేహం

1947లో పాకిస్తాన్ వాటాకు వచ్చిన సైన్యం పెద్దది, ఖజానా చిన్నది. భారత్ భయంతో అప్పటి రాజధాని కరాచీలోని పాలకులు అమెరికా ఆయుధాలు కోరారు. అమెరికాకు సోవియట్ యూనియన్‌ను నిలువరించే మిత్రులు కావాలి. 1954లో సైనిక సహాయ ఒప్పందం కుదిరింది. ఇద్దరి శత్రువులు వేరు కావడమే ఈ పొత్తులోని అసలు లోపం.

1960 మే 1న పాకిస్తాన్‌లోని పెషావర్ నుంచి ఎగిరిన అమెరికా గూఢచారి విమానం యూ-2ను సోవియట్ సైన్యం కూల్చింది. పెషావర్‌కూ ముప్పు తప్పదని సోవియట్ నేత క్రుశ్చేవ్ హెచ్చరించాడు. పాకిస్తాన్ అంత ప్రమాదం నెత్తికెత్తుకున్నా, 1965 భారత్-పాక్ యుద్ధంలో అమెరికా ఇరుపక్షాలకూ ఆయుధాలు ఆపేసింది. అమెరికా ఆయుధాలనే నమ్ముకున్న పాకిస్తాన్‌కే దెబ్బ ఎక్కువ. పాక్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ 1967లో వెలువడిన ఆత్మకథకు ‘ఫ్రెండ్స్ నాట్ మాస్టర్స్’ అని పేరు పెట్టడంలో ఆ నొప్పి ఉంది.

సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి దిగడం మళ్లీ బేరం తెచ్చింది. అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఇవ్వజూపిన 40 కోట్ల డాలర్లను పాక్ సైనిక పాలకుడు జియా తోసిపుచ్చి, కార్టర్ తర్వాత వచ్చిన రీగన్ నుంచి 320 కోట్ల డాలర్ల సాయం పొందాడు. సోవియట్ సేనలు వెళ్లిపోయాక, 1990లో అణు కార్యక్రమం కారణంగా సాయం ఆగింది. డబ్బు కట్టిన ఎఫ్-16 విమానాలూ రాలేదు. ఈ సాయం సైన్యాన్నే బలపరచింది, ఎన్నికైన ప్రభుత్వాలను కాదు. 2001లో అమెరికాపై సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పాక్ సైనిక పాలకుడు ముషారఫ్ మళ్లీ అమెరికా పక్షాన చేరాడు. 2011 మేలో ఇస్లామాబాద్‌కు చెప్పకుండానే అమెరికా సైనికులు పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో దిగి, ఆ దాడుల సూత్రధారి బిన్ లాడెన్‌ను చంపారు.