ఎత్తుపళ్ళు - ఇరవై రెండు డిగ్రీలు

మొన్న సంక్రాంతికి దామరచర్ల వెళ్తే మా అక్క కూతురు ఒక కాగితం నా చేతిలో పెట్టింది. "మామా, నా పళ్ళు ఏడు డిగ్రీలు తప్పున్నయంట, నాలుగు పీకాలంట!" మిర్యాలగూడ డాక్టరు గారు ఎక్స్‌రే మీద గీసిన గీతలు, పక్కన అంకెలు. పై ముందుపళ్ళు 29 డిగ్రీలు, ఉండాల్సింది 22 అట. పిల్లకింకా పదిహేనేళ్ళే, మా అక్కకి మాత్రం అప్పుడే సంబంధాల బెంగ.

ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి. కోడులో ఎవరైనా 22 అని నేరుగా రాసేస్తే అదెక్కణ్ణుంచొచ్చిందని అడక్కుండా ఉండలేను. అలాగే వెతికాను.

పళ్ళ వెనకున్న ఎముకని నమ్మకంగా కొలిచే దారి 1931లో దొరికింది. అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్రాత్ తల కదలకుండా బిగించి పక్కనుంచి ఎక్స్‌రే తీసే పద్ధతి చూపించారు. దాంతో ఎత్తుపళ్ళన్నీ ఒకటి కావని కొలిచి చెప్పే వీలు కలిగింది. ఒకరికి పళ్ళే ముందుకి వాలతాయి, ఇంకొకరికి పై దవడే ముందుకుంటుంది, మరొకరికి కింది దవడ వెనకబడి పైపళ్ళు ఎత్తుగా అనిపిస్తాయి. తమాషా ఏంటంటే ఎముకల్లో తేడాని పళ్ళు కొంత కప్పిపుచ్చుతాయి. కింది దవడ వెనకబడితే కిందిపళ్ళు ముందుకి వాలి పైవాటిని అందుకోబోతాయి. దవడ మరీ ముందుకొస్తే అవే లోపలికి వాలతాయి. అద్దంలో చూసుకుంటే ఇదేం తెలుస్తుంది?

పళ్ళు పీకడం పాపం అన్నంత పట్టుదల యాంగిల్‌ది. ఆయన శిష్యుడు ట్వీడే అడ్డం తిరిగాడు. పీకకుండా సరిచేసిన కేసుల్నే మళ్ళీ పళ్ళు తీసి సరిచేసి 1940లో అందరిముందూ పెట్టాడు. కిందిపళ్ళు దవడ అంచుకి సుమారు 90 డిగ్రీల్లో నిలబడాలన్నది ఆయన లెక్క. 1948లో డౌన్స్ తన ప్రమాణాలు తీసింది ఎంతమంది నుంచనుకున్నారు? ఇరవై మంది తెల్లపిల్లల నుంచి! మా ఆఫీసులో ఇరవై కేసులతో టెస్టింగ్ అయిపోయిందంటే ఊరుకుంటారా? ఇక మా పిల్ల కాగితంలోని 22 స్టైనర్‌ది, 1953 నాటిది.

మనవాళ్ళని కొలవడం తర్వాతి సంగతి. హైదరాబాదులో ప్రభుత్వ దంత కళాశాల వచ్చిందే 1959లో. ఉత్తర భారతీయుల మీద నందాల కొలతలు 1969లో అచ్చయ్యాయి. ఆ తర్వాత మన దేశంలో తీసిన కొలతల్లో ముందుపళ్ళు స్టైనర్ అంకెకన్నా ముందుకే ఉంటాయని చాలాసార్లు తేలింది. (నల్లగొండ పళ్ళంటే జనానికి ఫ్లోరైడ్ మరకలే గుర్తొస్తాయి. ఈ వంపుకీ ఆ నీళ్ళకీ సంబంధం లేదు లెండి.)

పిల్లని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. డాక్టరు గారు విసుక్కోలేదు. "22 ఒక్కటే చూసి పీకమండి. దవడలు బాగానే ఉన్నాయి, పళ్ళే వాలాయి. బలవంతపెట్టకుండా పెదాలు మూసుకుంటాయా లేదా అన్నది చూడాలి" అన్నారు. మా పిల్ల వెంటనే నోరు మూసి నావైపు తిరిగింది. గడ్డం మీద చిన్న ముడత పడింది. ఆయన దాన్ని చూశారు, నేనూ చూశాను.

ఇంటికొచ్చి మా అమ్మ పెళ్ళి ఫోటో తీశాం. అవే పళ్ళు. పీకుడు విషయం ఇంకా తేలలేదు, పరీక్షలయ్యాక చెప్తానంది.