సవ్యహస్తమున లేసు అల్లిక



వసిష్ఠ గోదావరి యొడ్డున నరసాపుర ప్రాంతమందలి పల్లెలలో, ఇంటిపనులు తీరిన వెనుక స్త్రీలు అరుగులమీద గూర్చుండి కొక్కెపుసూదితో లేసు నల్లుచుండుట మీలో పలువు రెరిగినదే. ఈ విద్య మన యూళ్లకు వచ్చిన తెరగును, దానిని ఎడమచేతివాటముగల బాలికకు నేర్పు తెరగును నేడు మనవి చేసెదను.

క్రోషే యను మాట ఫ్రెంచివారిది. చిన్నకొక్కెమని దాని యర్థము. 1845వ సంవత్సరమున ఐర్లండు దేశమందు బంగాళాదుంప పైరునకు తెగులు సోకి ఘోరక్షామము సంభవించెను. ఆ దినములలో కార్కు నగరము చెంతనున్న బ్లాక్‌రాక్ మఠమున అర్సులైన్ సన్యాసినులు బాలికలకు ఈ యల్లిక నేర్పిరి. 1847లో క్లోన్స్ అను నూర, మతాచార్యుని భార్యయైన కాసాండ్రా హాండ్ అను నామె పేదస్త్రీలకు దీనిని నేర్పించెను. పువ్వులను, ఆకులను వేరువేరుగా నల్లి, పిదప సన్నని వలయల్లికతో నొకటిగా గూర్చుట అచ్చటి పద్ధతి. ఆ కూలిడబ్బే పెక్కు కుటుంబములకు గంజినీళ్ల కాధారమయ్యెను.

మన నరసాపురమునకు ఈ పని 19వ శతాబ్ది మధ్యభాగమున స్కాట్లండునుండి వచ్చిన మాక్రే దంపతులవలన వచ్చెనని ప్రసిద్ధి. ఇక్కడను ముక్కల నల్లుట చేతిపని, వానిని గూర్చుట అతుకుపని యని విభాగ మేర్పడెను. స్త్రీలు దినమున కెన్నియో గంటలు చేయు ఈ కష్టము తీరికవేళ ముచ్చటగా లెక్కింపబడుచున్నదని మరియా మీస్ అను విదుషి 1982లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ విద్యకు పుస్తకములు లేకపోలేదు. లండనులో రీగో ద లా బ్రాంషార్దియేర్ అను నామె 1846 మొదలు అల్లిక పుస్తకములు ప్రకటించెను. కాని మన పల్లెలలో తల్లి చేయి చూచి కూతురును, అత్త చేయి చూచి కోడలును నేర్చుకొనిరి. చూచి నేర్చు విద్యలో చూపువా రేచేతితో పట్టిన నేర్చువారును ఆచేతితోనే పట్టవలసి వచ్చును. అందువలన ఎడమచేతివాటముగల పిల్లను సూది కుడిచేతికి మార్చుమని గద్దింతురు. మార్చలేనిచో ఈ పిల్లకు పని రాదని విడిచెదరు. ముక్కకింతయని కూలి దొరకు చోట, పని రాని పిల్లకు ఆ కూలియు లేదు.

ఎడమచేయి అమంగళమను వారికి శబ్దార్థమును జ్ఞాపకము చేసెదను. సంస్కృతమున సవ్యమనగా ఎడమ. అర్జునుడు ఎడమచేతితోగూడ బాణము వేయగలవా డగుటచేతనే సవ్యసాచి యయ్యెను. దేవకార్యములందు జందెము ఎడమభుజముపై నుండుట సవ్యము. తెలుగున సవ్యముగా చేయుటయనగా చక్కగా చేయుట. ఎడమను చెప్పు శబ్దమే మన నోట చక్కదనమునకు పేరైనది!

ఇక నేర్పు విధము. కుడిచేతివాటముగల తల్లి పిల్లను ప్రక్కన గాక, తన కెదురుగా మోకాళ్లు తాకునట్లు కూర్చుండబెట్టుకొనవలెను. అప్పుడు తల్లిచేతులు పిల్లకు అద్దములోని ప్రతిబింబమువలె నగును. తల్లి కుడిచేత సూది పట్టగా, పిల్ల తన కెదురైన ఎడమచేత పట్టును. నూలును కుడిచేతి చూపుడువ్రేలిమీదుగా వేసికొనును. మొదట జారుముడి, పిదప గొలుసు. కుట్లన్నియు నొక్కతీరుగా వచ్చువరకు గొలుసునే అల్లించి, విప్పించి, మరల నల్లింపవలెను. తొందరపడి వరుస కెక్కింపరాదు. వరుస కెక్కిన పిమ్మట, కుడిచేతివారి పని కుడినుండి ఎడమకు సాగినట్లే, ఈ పిల్లపని ఎడమనుండి కుడికి సాగును. నోటితో కుడి, ఎడమ యని చెప్పిన పిల్ల తికమకపడును. సూదివైపు, నూలువైపు అని చెప్పిన చాలును.

గుండ్రని పువ్వు నల్లునప్పుడు ఒక వింత గలదు. కుడిచేతివారి పువ్వు అప్రదక్షిణముగా పెరుగును. ఎడమచేతివారి పువ్వు ప్రదక్షిణముగా, గుడిచుట్టు మనము తిరుగు దిక్కుననే పెరుగును. పూర్తియైన రెండు పువ్వులను ప్రక్కప్రక్కన నుంచిన భేదము కనిపెట్టుట కష్టము. అతుకుపనిలో రెండును కలిసిపోవును. అయితే ఒకరు మొదలుపెట్టిన ముక్కను వేరుచేతివాటముగల వారికి నడుమ నందీయరాదు. కుట్ల వాలు మారి యతుకు బయటపడును. అక్షరములుగాని, ఒకవైపు తిరిగిన పక్షిగాని అల్లవలసినచో మాదిరిని అద్దమున జూచి అల్లవలెను; లేనిచో బొమ్మ తారుమారగును.

గ్రామవృద్ధులారా! సముద్రములు దాటి పరుల చేతులనుండి వచ్చిన విద్యను మన స్త్రీలు తమదిగా జేసికొనిరి. మీ యింట ఏ మనుమరాలైన ఎడమచేత సూది పట్టినచో కసరవలదని కోడండ్రతో చెప్పుడు. ఆమె కెదురుగా పీట వేయించుడు. నాలుగు దినములు ఓపిక పట్టిన ఆ బిడ్డచేతికి ఒక పని యబ్బును.