16 పిన్నుల కథ

డాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపించే ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడి ఉంటే మనకి ధైర్యంగా ఉంటుంది. ఇంజన్ ప్రశాంతంగా ఉంది, ముల్లు కూడా ప్రశాంతంగా ఉంది అనుకుంటాం. చాలా కార్లలో అసలు సంగతి వేరు. ముల్లుని అక్కడ నిలబెట్టమని ఎవరో ప్రోగ్రాం రాసిపెట్టారు! బండిని బట్టి అంకెలు మారతాయి గానీ, సుమారుగా 80 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 100 దాటేదాకా ఆ ముల్లు ఇంచుమించు కదలదు. కదిలిందంటే అప్పటికే కొంప అంటుకుందన్నమాట. మాజ్దా మియాటా అని ఒక చిన్న స్పోర్ట్స్ కారుంది. 1990 నుండి 1994 దాకా వచ్చిన వాటిలో ఆయిల్ ప్రెషర్ గేజి నిజంగానే ప్రెషర్ చూపించేది. 1995 నుండి దాని వెనకాల సెన్సర్ తీసేసి ఒక స్విచ్చి పెట్టారు. ప్రెషర్ కాస్తో కూస్తో ఉంటే ముల్లు మధ్యలో ఉంటుంది, లేకపోతే పడిపోతుంది. అంటే చూడటానికి ఫ్లోట్, లోపల బూలియన్.

ఇందుకే బయట డిజిటల్ గేజిలు కొనేవాళ్ళు పుట్టుకొచ్చారు. ఏది కొనాలి అన్న ప్రశ్నకి జవాబు మోడల్ నంబరులో దొరకదని నా అభిప్రాయం. ఆ గేజి మీద కనబడే అంకె ఎక్కడ పుట్టింది, ఎవరి కోసం పుట్టింది అన్నది తెలిస్తే ఏది కొనాలో దానంతట అదే తేలిపోతుంది. ఆ అంకెకి వందేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. ఓపిక చేసుకుని చదవండి.

ఫోర్డ్ మోడల్-టీ 1908లో వచ్చింది. దానికి ఇంజన్ వేడి చూపించే సాధనమేమీ లేదు. రేడియేటర్ మీదనుంచి ఆవిరి లేస్తే వేడెక్కిందని అర్థం. 1912 ప్రాంతాల్లో హారిసన్ బాయిస్ అనే ఆయన రేడియేటర్ మూత మీద బిగించే ఒక థర్మామీటరు తయారు చేసాడు. దాని పేరు మోటోమీటర్. డ్రైవరు తన సీట్లోంచే బానెట్ చివర ఎర్రగీత ఎంత లేచిందో చూసుకోవచ్చు. బండితో రాకుండా మనం విడిగా కొని బిగించుకునే గేజిల వంశానికి మూలపురుషుడు అదే అనుకోవచ్చు. అయితే అది కొలిచేది నీటి వేడిని కాదు, నీటి పైన ఉన్న గాలీ ఆవిరీ వేడిని. కొలిచేది ఒకటి, మనం అనుకునేది ఇంకొకటి అన్న తిరకాసు మొదటి గేజితోనే మొదలైంది.

తరవాత గేజిలు డాష్‌బోర్డు మీదకి చేరాయి. 1930లలో హడ్సన్ కంపెనీ ముళ్ళ బదులు హెచ్చరిక దీపాలు పెట్టడం మొదలుపెట్టింది. వీటికి అమెరికా మెకానిక్‌లు పెట్టిన ముద్దుపేరు "వెర్రివాడి దీపాలు". ముల్లుకి డబ్బులెక్కువ, దీపానికి తక్కువ. పైగా ముల్లు కాస్త అటూఇటూ ఊగితే చాలు, కొన్నవాడు కంగారుపడి షోరూముకి పరిగెడతాడు. కంపెనీల లెక్కలో మనకి తక్కువ తెలిస్తేనే మంచిది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక్కడిదాకా కథ డ్రైవరుకీ కంపెనీకీ మధ్య. మూడో మనిషి రావడానికి కారణం లాస్ ఏంజెలెస్ పొగ. 1943 జులైలో ఆ ఊరిని పట్టపగలే పొగ కమ్మేసింది. జనాలకి కళ్ళు మండాయి, గొంతులు మండాయి. యుద్ధకాలం కదా, జపాన్ వాడు విషవాయువు వదిలాడేమో అని కూడా భయపడ్డారు. ఆ గుట్టు విప్పింది కాల్‌టెక్‌లో పనిచేసే డచ్ రసాయన శాస్త్రవేత్త హాగెన్-స్మిట్. ఆయన అంతవరకూ పరిశోధిస్తున్నది అనాసపండు రుచి గురించి! పండు వాసనలు పట్టే పద్ధతులతోనే ఊరి గాలిని పట్టి, కార్ల పొగలోని హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. 1967లో కాలిఫోర్నియా గాలి కాలుష్యానికి ఒక బోర్డు పెడితే, దానికి మొదటి ఛైర్మన్ ఆయనే అయ్యాడు.

ఇక్కడినుంచి ఒకదాని వెనక ఒకటి డిపెండెన్సీలు వచ్చిపడ్డాయి. పొగ తగ్గాలంటే సైలెన్సర్ దారిలో కాటలిటిక్ కన్వర్టర్ పెట్టాలి. మూడు రకాల విషాల్నీ అది ఒకేసారి శుభ్రం చెయ్యాలంటే 1 పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి, అదీ బరువు లెక్కన, కచ్చితంగా కలవాలి. అంత కచ్చితత్వం కార్బురేటర్ వల్ల కాదు. కాబట్టి పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే సెన్సర్ కావాలి, ఆ సెన్సర్ మాట విని పెట్రోలు సర్దే కంప్యూటర్ కావాలి. అలా కంప్యూటర్ కార్లోకి వచ్చింది. 1981 నాటికి జనరల్ మోటార్స్ అమెరికాలో తన కార్లు దాదాపు అన్నిటిలోనూ కంప్యూటర్ పెట్టేసింది. ఇంజన్ గురించిన అంకెలన్నీ అప్పటినుంచీ లోపల ఒకచోట ఉన్నాయి. బయటికి రావడమే లేదు.

బయటికి తెచ్చే పద్ధతి మొదట్లో నవ్వొచ్చేలా ఉండేది. జీఎం కార్లలో రెండు పిన్నుల మధ్య ఒక పేపర్ క్లిప్పు గుచ్చితే చెక్ ఇంజన్ దీపం మిణుకు మిణుకుమంటూ కోడ్ చెప్పేది. ఒక మిణుకు, కాస్త ఆగి రెండు మిణుకులు అంటే కోడ్ 12. వైరు పెట్టి వింటే డేటా కూడా వచ్చేది, సెకనుకి 160 బిట్లు! క్రైస్లర్‌లో అయితే తాళంచెవి మూడుసార్లు తిప్పాలి. టొయోటాలో ఇంకో చోట ఇంకో రెండు పిన్నులు కలపాలి. ప్రతి కంపెనీకీ సొంత సాకెట్, సొంత ప్రోటోకాల్, సొంత కోడ్లు. 1988 మోడళ్ళ నుండి కాలిఫోర్నియా మొదటి తరం ఓబీడీ తప్పనిసరి చేసింది గానీ, సాకెట్ ఎలా ఉండాలో చెప్పలేదు. స్పెసిఫికేషన్ సగం రాస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

రెండోసారి బుద్ధిగా రాసారు. 1990లో అమెరికా పార్లమెంటు గాలి శుభ్రత చట్టాన్ని సవరించినప్పుడు, ఆ సాకెట్ ద్వారా వచ్చే సమాచారం ఎవరికైనా అందాలి, దానికి రహస్య కోడ్ గానీ కంపెనీ దగ్గర మాత్రమే దొరికే పరికరం గానీ అవసరం ఉండకూడదు అని రాసింది. నా దృష్టిలో ఇది ఓపెన్ ఏపీఐ కోసం చేసిన చట్టం. ఆ మాట ఇంకా పుట్టకముందే చేసారు! 1996 మోడల్ నుండి అమెరికాలో అమ్మే ప్రతి కారులోనూ స్టీరింగుకి 2 అడుగుల లోపల, ఒకే ఆకారంలో, 16 పిన్నుల సాకెట్ ఉండి తీరాలి. దాని పేరు ఓబీడీ-2. ఐరోపాలో 2001 నుండి పెట్రోలు కార్లకీ, 2004 నుండి డీజిల్ కార్లకీ వచ్చింది. మన దగ్గర 2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో బీఎస్-4 వచ్చినప్పుడు (హైదరాబాద్ అందులో ఒకటి) మొదటి దశ, 2013 ఏప్రిల్ నుండి రెండో దశ వచ్చాయి.

ఆ 16లో నంబర్ 16 బ్యాటరీ ప్లస్, 4, 5 గ్రౌండు, 6, 14 క్యాన్ బస్సు. ప్రశ్న అడగడం మన ప్రోగ్రామర్లకి చిన్నపిల్లల ఆట. "01 0సీ" అని పంపితే "41 0సీ 1ఏ ఎఫ్8" అని జవాబొస్తుంది. చివరి రెండు బైట్లు కలిపి 4తో భాగిస్తే 1726. అదే ఇంజన్ ఆర్‌పీఎం. "01 05" అని అడిగితే కూలెంట్ వేడి వస్తుంది, వచ్చిన బైట్‌లోంచి 40 తీసెయ్యాలి. 7బీ వస్తే 83 డిగ్రీలు. ఒక్క బైట్‌లో మైనస్ 40 నుండి 215 దాకా ఇరికించడానికి ఆ 40. టెర్మినల్లో ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. పుష్కరంగా దాచిపెట్టిన ముల్లు గుట్టు రెండు బైట్లలో బయటపడింది!

గమనించండి, ఇందులో ఒక్కటి కూడా డ్రైవరు కోసం పెట్టలేదు. పొగ పరీక్ష చేసేవాడి కోసం, రిపేరు చేసేవాడి కోసం పెట్టారు. మనం పక్కదారిన దూరిపోయాం. 2000లలో అమెరికాలో స్కాన్‌గేజ్ లాంటి చిన్న డబ్బాలు వచ్చాయి. సాకెట్‌లో గుచ్చి స్టీరింగు పక్కన అతికిస్తే లోపలికి పోయే గాలి బరువుని 14.7తో భాగించి, ఎంత పెట్రోలు తాగుతోందో అప్పటికప్పుడు చూపిస్తాయి. 2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గ్యాలను 4 డాలర్లు దాటింది. పొదుపుగా నడపడానికి "హైపర్‌మైల్" అన్న మాట ప్రాచుర్యంలోకి వచ్చి, ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు మాటగా నిలిచింది. ఈ డబ్బాలకి గిరాకీ తెచ్చింది వీళ్ళే.

తరవాతి మలుపు ఒక చిప్పుది. కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ ఈఎల్ఎం327 అనే చిప్పు చేసింది. కారు భాషలన్నిటినీ సీరియల్ పోర్టు భాషలోకి మారుస్తుంది. మొదటి వెర్షన్‌లో కాపీ రక్షణ బిట్ సెట్ చెయ్యలేదు! ఎవరో కోడ్ చదివేసారు, చైనా నుండి నకళ్ళు వరదలా వచ్చాయి. మార్కెట్లో "వెర్షన్ 1.5" అని అమ్ముతుంటారు చూడండి, ఆ వెర్షన్ ఎల్మ్ ఎప్పుడూ విడుదలే చెయ్యలేదు. నకలుకి నకలే తప్ప దానికి అసలు లేదు. ఎల్మ్ 2022లో దుకాణం కట్టేసింది. వాళ్ళ కమాండ్లు మాత్రం ఇప్పటికీ ప్రతి బ్లూటూత్ డాంగిల్‌లోనూ బతికే ఉన్నాయి.

సరే, ఇప్పుడు కొనడం సంగతి. చరిత్ర తెలిసింది కాబట్టి ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

ఒకటి, బండి ఏ సంవత్సరానిది? కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800కి ఎంత ఖరీదైన ఓబీడీ గేజి కొన్నా దండగే. అడగడానికి లోపల ఎవరూ లేరు. దానికి సొంత సెన్సర్‌తో వచ్చే గేజి కావాలి, అంటే బాయిస్ గారి దారే.

రెండు, మీకు చూడాలనున్నది అసలు జాబితాలో ఉందా? ప్రామాణిక జాబితాలో కూలెంట్ వేడి ఉంది, ఆయిల్ ప్రెషర్ లేదు. ఎందుకంటే పొగ పరీక్ష చేసేవాడికి దానితో పనిలేదు. ఇంజన్‌ని చంపేది ఎక్కువగా అదే అయినా సరే! ఆయిల్ ప్రెషర్ కావాలంటే విడిగా సెన్సర్ బిగించాల్సిందే. టర్బో బండికి బూస్ట్ కావాలంటే మానిఫోల్డ్ ప్రెషర్‌లోంచి బయటి గాలి ఒత్తిడి తీసెయ్యాలి. పాత ప్రామాణిక పద్ధతిలో అది కూడా ఒక్క బైటే, 255 కిలోపాస్కల్ దగ్గర ఆగిపోతుంది.

మూడు, ఎంత వేగంగా చూపిస్తుంది? పాత కే-లైన్ బండ్లలో సెకనుకి 10,400 బిట్లు, క్యాన్ బస్సులో సాధారణంగా 5 లక్షలు. పాత బండి మీద ఎనిమిది అంకెలు ఒకేసారి చూపించే తెర పెడితే ప్రతి అంకే వంతు కోసం క్యూలో నిలబడుతుంది. రెండు మూడు చాలనుకునేవాడికే సుఖం.

నాలుగు, ఎప్పుడూ గుచ్చే ఉంచాలా? 16వ పిన్నులో తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. నిద్రపోవడం తెలియని గేజి అయితే నాలుగు రోజులు బండి తియ్యకపోతే బ్యాటరీ తాగేస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. 2015లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు ఒక కార్వెట్ సాకెట్‌లో పెట్టిన ఇన్సూరెన్స్ డాంగిల్‌కి ఎస్సెమ్మెస్‌లు పంపి బ్రేకులు పనిచెయ్యకుండా చేసి చూపించారు. ఆ సాకెట్ చదవడానికే కాదు, రాయడానికి కూడా తెరిచే ఉంటుంది. సొంతంగా ఇంటర్నెట్‌కి కలిసే డబ్బాని నేనైతే అందులో వదలను. వైరుతో వచ్చే సాదా గేజికే నా ఓటు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. గేజి చెప్పేది ఇంజన్ మాట కాదు, ఇంజన్ కంప్యూటర్ మాట. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల బండారం బయటపడింది చూడండి, ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లు. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా ఉండమని సాఫ్ట్‌వేర్ రాసారు. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్లు దాకా పోయినా చెక్ ఇంజన్ దీపం వెలగలేదు. దాన్ని పట్టిచ్చింది ఓబీడీ సాకెట్ కాదు. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు డిక్కీలో సొంత పరికరాలు పెట్టుకుని, సైలెన్సర్‌కి గొట్టం తగిలించి, వేల మైళ్ళు తిరిగి కొలిచారు. ఇంకొకడి లాగ్ నమ్మకుండా సొంత ప్రోబ్ పెట్టారన్నమాట.

కాబట్టి నా సలహా ఇది. 2013 తరవాతి మామూలు బండికి, కూలెంట్ వేడీ, బ్యాటరీ వోల్టేజీ, పెట్రోలు ఖర్చూ చూసుకోవాలంటే ఓబీడీ గేజి భేషుగ్గా సరిపోతుంది. ఇంజన్ ప్రాణం కాపాడాల్సిన పాత బండికీ, ఘాట్ రోడ్ల మీద బరువు లాగే బండికీ సొంత సెన్సర్ ఉన్న గేజి కొనండి, ఖర్చెక్కువైనా.

ఇకపోతే ఈ 16 పిన్నులు శాశ్వతమేమీ కాదు. ఆ చట్టం నిలబడింది పొగ మీద. పొగే లేని విద్యుత్తు కారుకి ఆ కారణం వర్తించదు. మొదట్లో వచ్చిన టెస్లా మోడల్ 3లో మామూలు ఓబీడీ సాకెట్ ఉండేది కాదు. డేటా గాల్లోంచి తిన్నగా కంపెనీ సర్వర్‌కి పోతోంది. మసాచుసెట్స్ జనం 2012లో ఒకసారి, ఇలా గాల్లోంచి పోయే డేటా కోసం 2020లో ఇంకోసారి ఓటు వేసి మరీ రిపేరు హక్కు అడిగారు. రెండో చట్టం మీద కంపెనీలు కోర్టుకెక్కాయి. మనకి తక్కువ తెలిస్తేనే మంచిదన్న పాత లెక్క ఇంకా మారలేదు. మనకి దొరికిన ఆ కాస్త సమాచారం ఏ కంపెనీ దయా కాదు, ఎక్కడో ఒక ఊరి జనానికి కళ్ళు మండి చట్టం అడిగితే వచ్చింది. రేపటి బ్యాటరీ బండి లోపల ఏం జరుగుతోందో మనకి తెలియాలంటే, పొగ లేకుండానే ఎవరో ఒకరు మళ్ళీ అడగాలి. ఆ కోడ్ రాసేవాళ్ళలో మనవాళ్ళు కూడా బోలెడుమంది ఉన్నారు కాబట్టి, అడగడం మననుంచే మొదలవ్వాలని నా అభిప్రాయం. మీరేమంటారు?