బట్టకి చౌడు, ఒంటికి సున్నిపిండి: మన మొహం మీదకి సబ్బు ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్ చరిత్ర గురించే. కానీ రాజులు, యుద్ధాలు ఉండవు. మనం పొద్దున్నే మొహం కడుక్కుంటాం కదా, ఆ చరిత్ర.

ముందు నా కథ చెప్పాలి. నాకు 29 ఏళ్ళు. ఇంటర్‌లో రాని మొటిమలు ఉద్యోగంలో చేరాక వచ్చాయి. గడ్డం మీద, దవడ పక్కన, ముట్టుకుంటే నొప్పి. ఏ పెళ్ళికెళ్ళినా "ఈ వయసులో మొటిమలేంటే?" అనేవాళ్ళే. నిజానికి పాతికేళ్ళు దాటాక కూడా మొటిమలు రావడం మామూలే, ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. ఆ సంగతి నాకప్పుడు తెలీదు.

మాది హనుమాన్ జంక్షన్. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే హైవే మీద, నూజివీడు రోడ్డూ గుడివాడ రోడ్డూ కలిసే చోటు. అక్కడ ఒక మందుల షాపుకెళ్ళి మొటిమలకి ఏదైనా ఇమ్మన్నాను. చిన్న ట్యూబ్ ఇచ్చి "వారం రాయమ్మా, అద్దంలా అయిపోద్ది" అన్నారు. నిజంగానే అయింది! రెండు నెలలు రాశాను. మానేసిన మూడో రోజుకి మొహం ఎర్రగా మండిపోయి, మొటిమలు రెట్టింపు వచ్చాయి.

విజయవాడలో చర్మం డాక్టర్ గారికి చూపిస్తే, ట్యూబ్ మీద పేరు చదివి "ఇది స్టెరాయిడ్ అమ్మా" అన్నారు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం రూల్ తెచ్చింది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నే ఈ ఎపిసోడ్‌కి కారణం. "మొహం దేంతో కడుగుతున్నావు?" ఒంటి సబ్బుతోనే, రోజుకి ఐదుసార్లు. జిడ్డు పోతే మొటిమలు పోతాయని నా లెక్క.

ఇంటికొచ్చి ఈ మాట చెబితే మా అమ్మమ్మ నవ్వింది. "బట్టకి చౌడు, ఒంటికి సున్నిపిండి. రెండూ ఒకటి కాదే అమ్మాయ్" అంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. చౌడు అంటే క్షారం ఉన్న మట్టి. నీళ్ళలో కలిపితే జారుగా ఉంటుంది, మురికిని లాగేస్తుంది. చాకలివాళ్ళు బట్టలు ఉడకబెట్టడానికి వాడేది అదే. ఒంటికి మాత్రం వేరే వస్తువు: పెసలు, శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, పసుపు కలిపి విసిరిన సున్నిపిండి. ముందు నూనె రాస్తారు, తర్వాత నలుగు పెడతారు. పిండి ఆ నూనెని పీల్చుకుని, మురికితో పాటు రాలిపోతుంది. నురగ రాదు, చర్మం బిగుసుకుపోదు. తలకి కుంకుడుకాయ. దాని నురగ సపోనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది, అది సబ్బు కాదు.

మరి సబ్బు ఎప్పుడొచ్చింది? 1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బు పెట్టెలు దిగాయి. గమనించారా, అది బట్టల సబ్బు! 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది, క్రిములు చంపే సబ్బుగా. 1916లో మైసూరు ప్రభుత్వం గంధపు నూనెతో సబ్బు ఫ్యాక్టరీ పెట్టింది. 1931లో టాటా వాళ్ళ హమామ్. 1969లో మద్రాసులో మెడిమిక్స్. 1980ల మధ్యలో పసుపు, గంధం పేరుతో సంతూర్ వచ్చింది, మన ఆంధ్రాలో ఇంటింటికీ చేరింది. చూడండి, సున్నిపిండిలోని పసుపు రేపర్ మీదకి ఎక్కింది. లోపలున్నది మాత్రం సబ్బే.

సబ్బే అయితే ఏంటి సమస్య? నూనెని గానీ కొవ్వుని గానీ కాస్టిక్ సోడాతో కలిపితే సబ్బు అవుతుంది. దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. మన చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా, సుమారు 5 దగ్గర ఉంటుంది. 1928లో షాడే, మార్కియోనిని అనే ఇద్దరు జర్మన్ వైద్యులు దీనికి "ఆమ్ల కవచం" అని పేరు పెట్టారు. రోజుకి ఐదుసార్లు సబ్బు రుద్దితే ఆ కవచం కోలుకునే టైమే ఉండదు. చర్మం ఎండుతుంది, మండుతుంది, మొటిమల మందు రాస్తే తట్టుకోలేదు. పైగా మా ఇంట్లో బోరు నీళ్ళు. ఉప్పు నీళ్ళలో సబ్బు తెల్లటి తెట్టులా మారి బకెట్‌కి అంటుకుంటుంది కదా, అదే మొహానికీ అంటుకుంటుంది.

మరి సబ్బు పీహెచ్ తగ్గించొచ్చుగా అంటారేమో. కుదరదు. తగ్గిస్తే అది విరిగి మళ్ళీ కొవ్వు ఆమ్లం అయిపోతుంది. అందుకే సబ్బు కాని శుభ్రం చేసే వస్తువు కావాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొవ్వులకి కరువొచ్చి జర్మన్లు కృత్రిమ డిటర్జెంట్లు తయారు చేశారు. 1947లో అమెరికాలో సెటాఫిల్, 1950లలో డవ్ ఆ దారిలో వచ్చినవే. వీటిని సిండెట్ అంటారు. వీటితో చర్మం అంతగా బిగుసుకోదు. మా అమ్మమ్మ పద్ధతికి చుట్టూ తిరిగి దగ్గరికొచ్చినట్టు!

అయితే మళ్ళీ సున్నిపిండికి వెళ్ళిపోదామా? వద్దు. చీము పట్టిన మొటిమ మీద బరక పిండి రుద్దితే గాయం అవుతుంది, మచ్చ మిగులుతుంది. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది, అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు. పాతదైనంత మాత్రాన అన్నీ మంచివి కావు. అమ్మమ్మ దగ్గర తీసుకోవాల్సింది పిండి కాదు, ఆ తేడా.

ఇప్పుడు షాపులో ఏం చూడాలో చెప్తాను. ప్యాకెట్ ముందు వైపు వదిలేసి వెనక్కి తిప్పండి. "సోడియం పామేట్", "సోడియం పామ్ కెర్నలేట్" అని మొదట్లో ఉంటే అది మామూలు సబ్బు. "సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్" గానీ "కోకామిడోప్రొపైల్ బీటైన్" గానీ ఉంటే సాధారణంగా మెత్తటి రకం. గరుకు పలుకులున్న స్క్రబ్‌లు వద్దు, ఘాటు వాసనవి వద్దు. ధర చూసేటప్పుడు మిల్లీలీటర్‌కి ఎంత పడిందో లెక్కేయండి, సినిమా తార ఫొటోకి కాదు. ఇలా వెతికితే నాకు 200 రూపాయల లోపే దొరికింది, రెండు నెలలొచ్చింది. రోజుకి రెండుసార్లు, వేళ్ళతో, మెల్లగా. కడిగాక మొహం లాగుతున్నట్టు ఉంటే అది మీకు పడలేదని అర్థం.

ఒక నిజం కూడా చెప్పాలి. క్లెన్సర్ మొటిమలని తగ్గించదు, మందు పని చేసేలా చర్మాన్ని నెమ్మదిగా ఉంచుతుంది. తగ్గించేది మందే. అందులోనూ మనవాళ్ళ చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకి నాయకత్వం వహిస్తున్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో బయటికొచ్చిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఇప్పుడు మొటిమలకి డాక్టర్లు రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే. అలా అని మీరే కొనుక్కుని వేసుకోకండి, దయచేసి. నా ట్యూబ్ కథ విన్నారుగా.

నా మొహం కుదుటపడడానికి ఎనిమిది నెలలు పట్టింది. రెండు మచ్చలు ఉండిపోయాయి, ఈ వీడియోలో కనపడుతూనే ఉంటాయి, ఫిల్టర్ పెట్టలేదు. అమ్మమ్మ ఇప్పటికీ దీపావళికి సున్నిపిండి విసురుతుంది. చేతులకీ కాళ్ళకీ పెట్టించుకుంటాను, మొహం దగ్గరికొస్తే "అక్కడొద్దు అమ్మమ్మా" అంటాను. "సరేలే, నీ సీసాతోనే కడుక్కో" అంటుంది.

మీ ఇంట్లో సున్నిపిండిలో ఏమేం కలుపుతారో కామెంట్‌లో రాయండి. కుంకుడుకాయ నుంచి షాంపూ దాకా కథ తర్వాతి ఎపిసోడ్‌లో చెప్తాను. ఉంటానండీ.